గోడపత్రిక కింద ఒక్క వాక్యం

రండి పిల్లలూ, ఈ అరుగు మీద అందరికీ చోటుంది. అబ్బయా, ఆ స్తంభానికి ఆనుకోకు, చొక్కాకు సున్నం అంటుద్ది. మీ బళ్ళో గోడపత్రిక పెడుతున్నారని తెలిసి నాకెంత సంబరమైందో చెప్పలేను. ఈ నెల పెన్నేటి మీద రాస్తున్నారంట గదా. వ్యాసాలు మీరే రాసుకున్నారు, బొమ్మలు మీరే గీసుకున్నారు. నడిమధ్యన అంటించిన వంతెన ఫొటో మాత్రం ఎవరిదమ్మా అంటే, "గూగుల్లో తీసుకున్నాం తాతయ్యా" అన్నారు. గూగుల్ ఫొటోలు తీయదు నాయనా. ఎవరెవరో తీసి పెట్టుకున్నవాటిని వెతికి చూపిస్తుందంతే. ఆ వంతెనను ఫొటో తీసిన మనిషి ఒకరున్నారు. ఏ తెల్లవారుజామునో గట్టు మీద నిలబడి, వెలుతురు కోసం కాచుకుని తీసుంటారు. ఆ మనిషి ఎవరు, ఆ ఫొటో మనం పెట్టుకోవచ్చా, పెట్టుకోవాలంటే ఏం చేయాలి? ఇవాళ్టి కబురు అదే. విలేకరి కావాలనుకునేవాళ్ళకు వాక్యం రాయడం ఎంత అవసరమో, ఇది తెలిసి ఉండడమూ అంతే అవసరం.

మన ఊరి సంగతితోనే మొదలుపెడదాం. 2021 నవంబరులో పెన్నకు పెద్ద వరద వచ్చింది గదా, అప్పటికి మీరు చాలా చిన్నవాళ్ళు. మన పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. జాతీయ రహదారి కోసుకుపోయి, మద్రాసుకూ కలకత్తాకూ తిరిగే లారీలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఆ రోజుల్లో చేతిలో ఫోనున్న ప్రతి మనిషీ ఫొటోలు తీశాడు, వీడియోలు తీశాడు. అవి వాట్సాప్‌లో ఒక గ్రూపులోంచి ఇంకో గ్రూపులోకి పోయి, ఊళ్ళు దాటి, దేశాలు దాటాయి. ఇవాళ మీలో ఒకరు ఆ వరద చరిత్ర రాయాలని కూర్చుంటే ఆ ఫొటోలు ఇంకా దొరుకుతాయి. కాని తీసింది ఎవరో, ఏ రోజో, ఎక్కడ నిలబడి తీశారో చెప్పేవాళ్ళు దొరకరు. అందులో కొన్ని అసలు మన వరదవేనా, వేరే ఊరివా అని కూడా తేల్చలేం. వాడుకోవచ్చా అని అడుగుదామంటే అడగడానికి మనిషి లేడు. ఫొటోతో పాటు పేరూ, తేదీ, చోటూ, ఒక్క మాట అనుమతీ కలిసి నడిచి ఉంటే, అదే ఫొటో రేపటి చరిత్రకు సాక్ష్యమై ఉండేది. అవి ఊడిపోయాయి కాబట్టి ఉత్త బొమ్మగా మిగిలింది.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. మన దేశంలో దీనికి 1957 నాటి కాపీరైటు చట్టం ఉంది. దాని ప్రకారం మీరు ఒక వ్యాసం రాసినా, బొమ్మ గీసినా, ఫొటో తీసినా, ఆ క్షణం నుంచే దాని మీద హక్కు మీకు వస్తుంది. రిజిస్ట్రారు ఆఫీసుకు పోనక్కర్లేదు, రుసుము కట్టనక్కర్లేదు, కింద సున్నాలో సి అక్షరం వేయనక్కర్లేదు. ఎనిమిదో తరగతి పాప రాసిన పేజీకైనా, పెద్ద రచయిత నవలకైనా ఇదే వరస. ఏమ్మా, నవ్వుతున్నావు? నిజమే చెప్తున్నాను. మీ గోడపత్రికలో నువ్వు రాసిన వ్యాసానికి నువ్వే హక్కుదారువి. నువ్వు కాదంటే ఏ పత్రికా దాన్ని అట్లాగే ఎత్తి వేసుకోవడానికి లేదు.

అయితే దీనిలో ఒక మెలిక ఉంది. మౌనం అర్ధాంగీకారం అని మనవాళ్ళు అంటారు గదా. పెళ్ళిచూపుల్లో అది చెల్లుతుందేమో గాని, కాపీరైటు దగ్గర చెల్లదు. ఇక్కడ మౌనం అంటే "వద్దు" అనే. ఫొటో కింద ఏమీ రాసి లేకపోతే, "ఏమీ అనలేదు గదా, తీసుకుందాం" అనుకోవడానికి వీల్లేదు. ఆ తీసినాయన ఎంత ధర్మాత్ముడైనా, అడిగితే సంతోషంగా ఇచ్చేవాడైనా, నోరు తెరిచి చెప్పనంతవరకు చట్టం దృష్టిలో తలుపు మూసే ఉంటుంది. కాబట్టి పది మందికీ పనికిరావాలని మీకు నిజంగా ఉంటే, ఆ మాట మనసులో ఉంచుకుంటే చాలదు, కాగితం మీద రాయాలి.

మరి తాతయ్యా, పెన్నకు వరద వచ్చిందని ముందు ఒక పత్రిక రాస్తే, ఆ సంగతి ఇంక మేం రాయకూడదా? మంచి ప్రశ్న. నెల్లూరు చేపల పులుసునే తీసుకుందాం. చింతపండు పులుసు, మామిడికాయ ముక్కలు, ముందురోజు కాచి మర్నాడు తింటే వచ్చే ఆ రుచి, ఇదంతా ఏ ఒక్కరి సొత్తూ కాదు. మీ అమ్మ మీ పక్కింటామెకు పద్ధతి చెప్పినంత మాత్రాన మీ ఇంటి కుండలో పులుసు ఒక్క గరిటె కూడా తగ్గదు. తెలివికి ఉన్న గొప్ప గుణం ఇదే, ఇచ్చినా ఇచ్చినవాళ్ళ దగ్గర అంతే ఉంటుంది. కాని ఒకామె ఆ పులుసు గురించి తన మాటల్లో, తన అమ్మమ్మ జ్ఞాపకాలు కలిపి, రెండు పేజీలు రాసిందనుకోండి. పులుసు అందరిదీ, ఆ రెండు పేజీలు ఆమెవి. వార్త కూడా అంతే. వరద వచ్చిందనే సంగతి, నీళ్ళు ఎన్ని అడుగులు లేచాయనే లెక్క, కట్ట తెగిన చోటు, ఇవి ఎవరి సొంతమూ కాదు. ఆ సంగతిని ఒక విలేకరి చెప్పిన తీరు, ఆ వాక్యాలు, ఆ ఫొటో మాత్రం హక్కున్నవి. మీరు గట్టు మీదికి పోయి, మీ కళ్ళతో చూసి, మీ మాటల్లో రాసుకోండి. ఎవరూ అడ్డు చెప్పరు.

ఇంకొంచెం వెసులుబాటు కూడా చట్టంలోనే ఉంది. 52వ సెక్షన్ అని ఒకటుంది. ఒక పుస్తకం మీద విమర్శ రాసేటప్పుడు, నడుస్తున్న వార్త చెప్పేటప్పుడు, పాఠం చెప్పేటప్పుడూ నేర్చుకునేటప్పుడూ, ఇంకొకరు రాసినదాన్ని న్యాయమైనంత మేరకు వాడుకోవచ్చని అది చెబుతుంది. తరగతిలో మాస్టారు ఒక పత్రిక ముక్క చూపించి పాఠం చెబితే తప్పులేదు. అదే ముక్కను మీరు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో లోకమంతటికీ పెడితే అది వేరే సంగతి. బడి గోడకూ ఇంటర్నెట్టుకూ ఉన్న తేడాను ఎప్పుడూ మనసులో పెట్టుకోండి.

ఈ హక్కు ఎన్నాళ్ళుంటుంది? దీని వెనక చక్కని కథ ఉంది. మొదట మన చట్టంలో రచయిత బతికినన్నాళ్ళూ, పోయాక ఇంకో 50 ఏళ్ళూ అని ఉండేది. రవీంద్రనాథ్ టాగోర్ 1941లో పోయారు. ఆయన రచనల హక్కులు శాంతినికేతన్‌లోని విశ్వభారతి దగ్గర ఉండేవి. 1991 చివరికి 50 ఏళ్ళు నిండిపోతున్నాయి, హక్కు పోతుందని కంగారు మొదలైంది. అప్పుడు గడువును 60 ఏళ్ళకు పెంచారు, 1992లో చట్టమే మార్చారు. ఒక్క కవి కోసం మొదలైన మార్పు దేశంలోని రచయితలందరికీ వర్తించింది. ఈ 60 ఏళ్ళను రచయిత పోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి లెక్కపెట్టాలి. వేళ్ళు మడవండి మరి. గాంధీగారు 1948లో పోయారు, అంటే 2008 చివరిదాకా. 2009 జనవరి 1 నుంచి ఆయన రచనలు అందరివీ అయ్యాయి. గురజాడ 1915లో, వీరేశలింగం 1919లో, గిడుగు 1940లో పోయారు, వాళ్ళ రచనలు ఎప్పుడో మనవి. శ్రీశ్రీ 1983లో పోయారు, లెక్క చెప్పు అబ్బయా. ఆ, 2043 చివరిదాకా. 2044 కొత్త సంవత్సరం నాడు నువ్వు మీ పిల్లలకు ఆ మాట చెప్పొచ్చు. ఫొటోలకు మాత్రం ఒకప్పుడు మనిషి ఆయుష్షుతో పనిలేదు, అచ్చయిన దగ్గర్నుంచి 60 ఏళ్ళని ఉండేది; 2012లో చట్టం మార్చాక వాటికీ తీసినవారు పోయిన తర్వాత 60 ఏళ్ళే.

సముద్రం అవతల కూడా ఇట్లాంటి కథే నడిచింది. ఎరిక్ ఎల్డ్రెడ్ అని అమెరికాలో ఒకాయన, గడువు తీరిన పాత పుస్తకాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకునేలా పెట్టేవాడు. 1998లో అక్కడి ప్రభుత్వం కాపీరైటు గడువును ఇంకో 20 ఏళ్ళు పొడిగించింది. రేపో మాపో అందరివీ కావలసిన పుస్తకాలు మళ్ళీ చెరలో పడ్డాయని ఆయన కోర్టుకెక్కాడు. లారెన్స్ లెస్సిగ్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు ఆయన తరఫున సుప్రీంకోర్టు దాకా వాదించాడు. 2003 జనవరిలో కేసు ఓడిపోయారు. కాని తీర్పు కోసం కాచుకుని ఊరకే కూర్చోలేదు వాళ్ళు. చట్టం మారకపోతే పోయింది, ఇచ్చే మనసున్నవాళ్ళు ఇవ్వడానికైనా ఒక తేలిక దారి ఉండాలి గదా అనుకున్నారు. లెస్సిగ్, హాల్ ఏబెల్సన్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు, ఈ ఎల్డ్రెడ్ కలిసి 2001లో క్రియేటివ్ కామన్స్ అనే సంస్థ పెట్టారు. 2002 డిసెంబరులో మొదటి లైసెన్సులు బయటికి వచ్చాయి. లాయరు అవసరం లేకుండా, ఎవరైనా తన రచన కింద ఒక్క వాక్యం రాసి, "ఈ షరతులతో తీసుకోండి" అని లోకానికి చెప్పే ఏర్పాటు అది.

మీకు ఇది కొత్తగా ఉందేమో గాని, ఈ ఏర్పాటు చూస్తే నాకు మన జిల్లా శాసనాలే గుర్తుకొస్తాయి. నెల్లూరు జిల్లాలోని రాతి శాసనాలనూ రాగిరేకులనూ చదివించి, బటర్‌వర్త్ అనే దొర, వేణుగోపాల్ చెట్టి అనే ఆయన కలిసి 1905లో మూడు సంపుటాలుగా అచ్చువేయించారు. దాన శాసనం ఎట్లా ఉంటుందో చూడండి. ఇచ్చినవారి పేరు ఉంటుంది, ఏ శక సంవత్సరంలోనో ఉంటుంది. ఇచ్చింది ఏమిటో, దాని హద్దులేమిటో, ఎందుకు వాడాలో ఉంటుంది. ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులున్నంతకాలం చెల్లాలని ఉంటుంది. చివర్న, దీన్ని చెరిపినవాళ్ళకు ఫలానా పాపం తగులుతుందని శాపం. క్రియేటివ్ కామన్స్ లైసెన్సులోనూ ఇవే అంగాలు. ఇచ్చినవారి పేరు, ఇచ్చిన వస్తువు, షరతులు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడానికి లేదు, కాపీరైటు గడువు తీరేదాకా చెల్లుతుంది. షరతు తప్పితే శాపాలు ఉండవు గాని, వాడుకునే హక్కు పోతుంది. 2013లో వచ్చిన 4.0 కూర్పులో ఇంకో దయ కూడా చూపించారు. తప్పు తెలిసిన 30 రోజుల్లోపు సరిదిద్దుకుంటే హక్కు మళ్ళీ వస్తుంది.

షరతులు నాలుగే, వినండి. మొదటిది, నా పేరు చెప్పాలి. ఇది అన్ని లైసెన్సుల్లోనూ ఉంటుంది, దీన్ని "బై" అంటారు. రెండోది, నువ్వు దీన్ని మార్చి కొత్తది చేస్తే, ఆ కొత్తదాన్నీ ఇదే షరతుతో లోకానికి ఇవ్వాలి, అది "ఎస్‌ఏ". మూడోది, వ్యాపారానికి వాడకూడదు, "ఎన్‌సీ". నాలుగోది, మార్చకుండా ఉన్నదున్నట్టే పంచాలి, "ఎన్‌డీ". ఇప్పుడు ఒక లెక్క. వీటితో ఎన్ని లైసెన్సులు తయారవుతాయి? పేరు చెప్పడం ఎప్పుడూ ఉంటుంది. వ్యాపారం కూడదనడం, అనకపోవడం, రెండు దారులు. మార్పుల సంగతిలో ఏమీ అనకపోవడం, మార్చినదాన్నీ పంచమనడం, మార్చొద్దనడం, మూడు దారులు. మార్చొద్దని, మార్చినదాన్ని పంచమని రెండూ ఒకేసారి అనలేం గదా. రెండు మూళ్ళు ఆరు. అందుకే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు ఆరున్నాయి. చూశారా, చట్టంలో కూడా మీ లెక్కల మాస్టారి కాంబినేషన్లు కూర్చుని ఉన్నాయి.

ఏది ఎంచుకోవాలని అడుగుతారు. వ్యాపారం కూడదనే షరతు చూడగానే చాలామందికి నచ్చుతుంది, నా కష్టంతో ఇంకొకరు సొమ్ము చేసుకోవడమెందుకని. ఆ బెంగ న్యాయమైనదే. కాని ఆ షరతు పెడితే మీ ఫొటోను ప్రకటనలు వేసుకునే చిన్న పత్రిక కూడా వాడుకోవడానికి జంకుతుంది, వికీపీడియా అసలు తీసుకోదు. మన ఊరి సంగతి నాలుగు దిక్కులా పోవాలని మీ కోరికైతే "బై" గాని, "బై-ఎస్‌ఏ" గాని మేలు. 2015లో ప్రథమ్ బుక్స్ వాళ్ళు స్టోరీవీవర్ అని పిల్లల కథల వేదిక పెట్టారు. కథలూ బొమ్మలూ "బై" లైసెన్సుతో ఉంటాయి. ఒక భాషలో కథను ఇంకో భాషవాళ్ళు అడగకుండానే అనువదించుకోవచ్చు, మన తెలుగులోకి కూడా అట్లా బోలెడు కథలు వచ్చాయి. "బై-ఎస్‌ఏ" అయితే తెలుగు వికీపీడియా నడిచే లైసెన్సు. ఇచ్చినది ఎవరి చేతిలోకి పోయినా మళ్ళీ అందరి చేతికీ రావాలన్నది దాని పట్టుదల. రెంటిలో ఏదైనా సరే, మీరందరూ కూర్చుని మాట్లాడుకుని తీసుకోండి. మీకింకా 18 నిండలేదు కాబట్టి ఇంట్లోవాళ్ళకూ మాస్టారుకూ చెప్పి, వాళ్ళ సమ్మతితోనే చేయండి. వెనక్కి తీసుకోలేని దానం చేసేటప్పుడు పెద్దవాళ్ళు పక్కనుండడం మంచిది.

మన నెల్లూరు వాళ్ళకు ఈ పంచే గుణం కొత్తగా రాలేదు. 1885లో పూండ్ల రామకృష్ణయ్యగారు నెల్లూరు నుంచి ఒక మాసపత్రిక మొదలుపెట్టారు, పేరు "అముద్రిత గ్రంథ చింతామణి". పేరులోనే ఉంది గదా సంగతి. ఎవరి ఇంటి అటక మీదో తాటాకుల్లో పడి ఉన్న, అచ్చుకాని కావ్యాలను సేకరించి, తప్పులు పరిష్కరించి, నెలనెలా కొంచెం కొంచెం అచ్చువేసేవారు. చెదపురుగు నోట్లోంచి తీసి చదువరి చేతిలో పెట్టారన్నమాట. ఇవాళ అదే పని వికీసోర్స్ అనే వెబ్‌సైటులో జరుగుతోంది. గడువు తీరిన పాత తెలుగు పుస్తకాల స్కాన్లు ముందు పెట్టుకుని, ఎవరికివారు తమ ఇళ్ళల్లో కూర్చుని, పేజీకి పేజీ అక్షరాలు సరిచూస్తారు. ఒకరు దిద్దింది ఇంకొకరు మళ్ళీ చూస్తారు. పాత ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంచికలను ప్రెస్ అకాడమీ వాళ్ళు స్కాన్ చేయించి ఇంటర్నెట్‌లో పెట్టారు. విలేకరులు కాబోయేవాళ్ళు అవి ఒకసారి తిరగేయాలి, నూరేళ్ళ కిందట వార్త ఎట్లా రాశారో చూస్తే మీకు కడుపు నిండుతుంది. అంతెందుకు, రేపు మీరు గోడపత్రికను కంప్యూటర్లో కూర్చుకోవాలంటే అక్షరాలు కావాలి గదా. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన గిడుగు, గురజాడ, సురవరం, పెద్దన, మండలి లాంటి తెలుగు ఫాంట్లు కూడా ఇట్లాంటి స్వేచ్ఛా లైసెన్సుతోనే ఉన్నాయి. పైసా కట్టకుండా వాడుకోవచ్చు.

ఇక తెలుగు వికీపీడియా. దాన్ని అందరూ ముద్దుగా తెవికీ అంటారు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున అనే ఆయన చొరవతో మొదలైంది. మొదట్లో పది మంది కూడా లేరు, కంప్యూటర్లో తెలుగు కనిపించడమే అపురూపమైన రోజులవి. 2014 ఫిబ్రవరిలో విజయవాడలో దశాబ్ది ఉత్సవాలు చేసుకున్నారు. ఆ విజయవాడలోనే ఆంధ్ర లయోలా కళాశాల విద్యార్థులు తెవికీలో రాయడం నేర్చుకుని, చదువుతో పాటే వ్యాసాలు రాశారు. ప్రణయ్‌రాజ్ వంగరి అనే ఆయన 2016లో రోజుకొక వ్యాసం రాస్తానని పూని, ఏళ్ళ తరబడి ఆ వ్రతం నడిపాడు. ఇట్లా చెయ్యీ చెయ్యీ కలిసి ఇవాళ తెవికీలో వ్యాసాలు లక్ష దాటాయి. మన రాష్ట్రంలో దాదాపు ప్రతి పల్లెకూ అందులో ఒక పేజీ ఉంది. చాలా పల్లెల పేజీల్లో 2011 జనాభా లెక్కల అంకెలుంటాయి గాని, ఊరి మనుషులకు మాత్రమే తెలిసిన సంగతులు తక్కువ. ఆ ఖాళీ పూరించడం మీలాంటివాళ్ళ పని.

అయితే విలేకరి రాతకూ విజ్ఞాన సర్వస్వం రాతకూ తేడా ఉంది, అది బాగా గుర్తుపెట్టుకోండి. మీరు పోయి ఒక రైతును మాట్లాడించి రాసింది వార్త. అది మీ గోడపత్రికకు ప్రాణం. తెవికీలో మాత్రం అది నేరుగా పెట్టకూడదు. అక్కడ ప్రతి మాటకూ ముందే అచ్చయిన ఆధారం చూపించాలి, సొంత అభిప్రాయం ఉండకూడదు, మీ ఇంటివాళ్ళ గురించి మీరే రాయకూడదు. మరి మీరు చేయగలిగిందేమిటి? ఫొటో. వికీమీడియా కామన్స్ అని 2004 నుంచి ఒక పెద్ద కొట్టు నడుస్తోంది. మీరు సొంతంగా తీసిన ఫొటోను, తేదీ, చోటు, రెండు వాక్యాల వివరం రాసి, లైసెన్సు ఎంచి అందులో పెడితే, ఏ భాష వికీపీడియా అయినా, ఏ దేశం పత్రిక అయినా మీ పేరు చెప్పి వాడుకోవచ్చు. 2022 సెప్టెంబరులో సంగం దగ్గరా నెల్లూరు దగ్గరా పెన్న మీద కొత్త బ్యారేజీలు ప్రారంభించారు గదా. వాటి తలుపులు, మన కాలవలు, పడుగుపాడు స్టేషను, నాట్ల నాటి పొలం, కోతల నాటి పొలం, అన్నీ తీయొచ్చు. కూడలిలో నిలబెట్టిన విగ్రహాన్నీ వీధిలోని కట్టడాన్నీ ఫొటో తీసుకోవచ్చని మన చట్టమే అనుమతిస్తుంది. సినిమా పోస్టరును తీసి మాది అని పెట్టడానికి మాత్రం లేదు, ఆ బొమ్మ గీసినవాళ్ళ హక్కు దానికి ఉంది.

ఇంకో పాప చెయ్యెత్తింది, అడుగమ్మా. "మనుషుల ఫొటోలు పెట్టొచ్చా తాతయ్యా?" ఈ ప్రశ్న అడిగినందుకు నీకు నూటికి నూరు వేస్తాను. లైసెన్సు చెప్పేది ఫొటో తీసినవాళ్ళ హక్కు గురించే. ఫొటోలో ఉన్న మనిషి గౌరవం దాని చేతిలో లేదు. నాట్లేసే ఆమెను తీయాలంటే ముందు అడగండి, ఎక్కడ పెడతారో చెప్పండి, లోకంలో ఎవరైనా చూస్తారని, వాడుకుంటారని కూడా చెప్పండి. ఆమె వద్దంటే కెమెరా దించండి. చిన్నపిల్లల విషయంలో మరీ జాగ్రత్త. అన్యాయానికి గురైన పిల్లల పేరు గాని, ముఖం గాని, బడి గాని బయటపెట్టకూడదని 2012 నాటి పోక్సో చట్టం పత్రికలకు గట్టిగా చెబుతోంది. తెరిచి ఇవ్వడం మంచిదే గాని, ఇంకొకరిది తెరిచి ఇవ్వడానికి మనకు హక్కు లేదు.

ఇదంతా ఎందుకు తాతయ్యా, మా గోడపత్రిక ఎవరు చూస్తారు అంటారేమో. మన జిల్లాలోని దూబగుంట కథ వినండి. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం నడుస్తుంటే పల్లెల్లో ఆడవాళ్ళు రాత్రిబడులకు వచ్చారు. వాళ్ళ వాచకంలో సారా వల్ల చితికిపోయిన ఒక కుటుంబం కథ ఉంది. అది చదివి, ఇది మన కథే గదా అనుకున్నారు. అనుకుని ఊరుకోలేదు. దూబగుంట రోశమ్మలాంటివాళ్ళు ముందు నిలబడి సారా దుకాణం మూయించారు. ఆ మాట ఊరి నుంచి ఊరికి పోయింది, సారా వేలంపాటలు ఆగిపోయాయి, చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాను నిషేధించారు. చదవడం నేర్చుకోవడం ఒక మెట్టు. చదివినదాన్ని తమదిగా చేసుకుని, తమ మాట కలిపి తిరిగి లోకానికి చెప్పడం రెండో మెట్టు. ఫోనులో వచ్చింది చూసి ఇంకొకరికి పంపడంతో మొదటి మెట్టు కూడా ఎక్కినట్టు కాదు నాయనా. ఎవరు చెప్పారు, నిజమేనా, నేను దీనికి ఏం కలపగలను అని అడిగినప్పుడే మనం ఆ పనిలో పాలు పంచుకున్నట్టు.

కాబట్టి వచ్చే సంచిక నుంచి ఇట్లా చేయండి. ఆ గూగుల్ ఫొటో తీసేసి మీరే గట్టు మీదికి పోయి ఒకటి తీయండి. లేదంటే కామన్స్‌లో వెతికి, తీసినవారి పేరు, ఎక్కడి నుంచి తెచ్చారో, ఏ లైసెన్సో కింద రాయండి. దాన్ని కత్తిరించినా రంగు మార్చినా ఆ సంగతీ రాయండి. మీ పత్రిక అట్టడుగున ఈ ఒక్క వాక్యం పెట్టండి: "ఈ సంచికలోని రచనలు, ఫొటోలు ఎవరివి వారివే; మా పేర్లు చెప్పి, మార్చినదాన్నీ ఇట్లాగే పంచితే ఎవరైనా వాడుకోవచ్చు, క్రియేటివ్ కామన్స్ బై-ఎస్‌ఏ 4.0." వేరేవాళ్ళది ఏదైనా అందులో ఉంటే, దానికి ఇది వర్తించదని పక్కన రాయండి.

రాయడానికి ఏం దొరుకుతుందని వెతుక్కోకండి. మీ ఇళ్ళల్లో ముసలివాళ్ళున్నారు. మొలగొలుకుల వడ్లు పండించిన చేతులు, చేను చూసి నీళ్ళు ఎప్పుడు కట్టాలో చెప్పగల కళ్ళు, చెరుకుబండ్లు వరసకట్టి నిలబడిన రోజులు తెలిసిన మనుషులు ఉన్నారు. అచ్చయిన పుస్తకానికి రచయిత పోయిన 60 ఏళ్ళ తర్వాతైనా అందరి చేతిలో పడే భాగ్యం ఉంది. మనిషి తలలో ఉండిపోయినదానికి గడువూ లేదు, లైసెన్సూ లేదు, ఆ మనిషితోనే పోతుంది. ఈ ఆదివారం ఒక్కొక్కరు ఒక్క పెద్దమనిషి దగ్గర కూర్చోండి. అడిగి, ఒప్పుకుంటే రికార్డు చేయండి. వాళ్ళు వాడిన మాటలు వాళ్ళవిగానే రాయండి, పంటల పేర్లు, పనిముట్ల పేర్లు మార్చకండి. వ్యాసం పైన మీ పేరు కంటే ముందు వాళ్ళ పేరు వేయండి. అచ్చయ్యాక తీసుకెళ్ళి వాళ్ళకు చదివి వినిపించండి, తప్పుంటే దిద్దుతారు.